స్లో కుక్కర్‌లో కోయని గుమ్మడికాయ: నాలుగేళ్లు వాడాక నా మాట

మా ఇంట్లో తియ్యగుమ్మడికాయ వండాలంటే శనివారం దాకా ఆగాల్సి వచ్చేది. మా ఆయన చీమకుర్తిలో గ్రానైట్ పని మీద ఉంటారు, వారానికొకసారి కావలి వస్తారు. నిండు గుమ్మడికాయకు మొదటి కత్తి మగవాళ్లే పెట్టాలని మా అత్తయ్య పట్టింపు. మన వైపు ఈ పట్టింపు చాలా ఇళ్లలో ఉంది. దాన్ని పక్కన పెట్టినా నా మణికట్టు ఒప్పుకోదు, కుడిచేతికి ఎప్పటి నుంచో నరం నొప్పి. ముదిరిన కాయను కత్తిపీట మీద పెట్టి బలంగా నొక్కితే అది జారుతుంది, ఎప్పుడు చెయ్యి తెగుతుందో అని టెన్షన్. కందుకూరు దగ్గర మా పుట్టింటి నుంచి సంక్రాంతికి ముందు ఐదారు కాయలు వచ్చేవి. అటక మీద పెట్టిన వాటిలో రెండు మూడు వండేలోపే మెత్తబడిపోయేవి. పెంటదిబ్బ పక్కన పాదు పెట్టి అమ్మ పెంచిన కాయలను అట్లా పారేయడం నాకు చాలా బాధగా ఉండేది.

2021 ఉగాదికి కొన్న స్లో కుక్కర్ (తక్కువ సెగ మీద గంటల తరబడి నిదానంగా ఉడికించే కరెంటు పాత్ర) ఆ బాధ తీర్చింది. కాయను కోయకుండా తొక్కతో సహా రాత్రి అందులో పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి గరిటెతో తీసుకునేంత మెత్తగా ఉడికి ఉంటుంది. నాలుగేళ్లు దాటింది, నెలకు రెండు మూడుసార్లయినా ఇట్లా వండుతున్నాను. మంచీ చెడూ రెండూ చూశాను కాబట్టి రాస్తున్నాను.

నిజానికి ఇది మా ఇంటికి వచ్చిన రెండో స్లో కుక్కర్. మొదటిది 2019లో మా అన్నయ్య కూతురు అమెరికా నుంచి తెచ్చింది. అక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. అందుకని నెల్లూరు వెళ్లి వోల్టేజీ తగ్గించే స్టెప్ డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కొనుక్కొచ్చాం. ఇటుకంత బరువుండే ఆ పెట్టెను ప్రతిసారీ తీసి పెట్టాలి. ఒకరోజు ఇంటికొచ్చిన చుట్టాలావిడ సాయం చేద్దామని కుక్కర్‌ను నేరుగా ప్లగ్గులో పెట్టారు. వోల్టేజీ రెట్టింపైతే తీగలో పుట్టే వేడి దాదాపు నాలుగింతలు అవుతుంది. కాసేపటికి కాలిన వాసన, ఆ వెనకే టప్ మని లోపలి గిన్నె పగిలిన చప్పుడు. ఎవరికీ ఏమీ కాలేదు, అదే చాలు. బయటి దేశం నుంచి ఎవరైనా తెస్తామంటే వద్దనండి. మన కరెంటుకు చేసినవి ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి. నాకు నాలుగు వేల చిల్లర పడింది.

వస్తువు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. లోపల కోడిగుడ్డు ఆకారంలో పింగాణీ పూత పూసిన బరువైన మట్టి గిన్నె, ఆరు లీటర్లు పడుతుంది. చుట్టూ వేడెక్కే తీగ ఉన్న తొడుగు, పైన గాజు మూత. తిప్పే మీట మీద లో, హై, వార్మ్ అని మూడే గుర్తులు. అడుగున అంటించిన కాగితం మీద 240 వాట్లు అని ఉంది. అంటే రాత్రంతా ఎనిమిది గంటలు నడిచినా రెండు యూనిట్లు కాలదు. లోలో పెట్టినా హైలో పెట్టినా చివరికి చేరే వేడి ఇంచుమించు ఒకటే, మరుగు దగ్గరికి వస్తుంది. అక్కడికి చేరడానికి పట్టే సమయంలోనే తేడా.

మొదటిసారి చూసినప్పుడు అత్తయ్య, "ఇది మన దాలి లాంటిదే గదమ్మా" అన్నారు. పిడకల నిప్పు మీద కుండలో పాలు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కాగి ఎర్రగా మీగడ కట్టే దాలి ఆవిడ చిన్నతనంలో ఇంటింటా ఉండేదట. ఆవిడ అన్నది నూటికి నూరుపాళ్లు నిజం. ఈ కుక్కర్‌ను తయారు చేసిన ఇర్వింగ్ నాక్సన్‌కు ఆ ఆలోచన వచ్చింది వాళ్లమ్మ చెప్పిన మాటల నుంచే. లిథువేనియాలో ఆయన అమ్మమ్మ కాలంలో యూదులు తమ విశ్రాంతి రోజున నిప్పు వెలిగించకూడదు కాబట్టి, ముందు రోజు సాయంత్రమే కుండ తీసుకెళ్లి రొట్టెల బట్టీలో పెట్టేవారు. ఆరిపోతున్న బట్టీ వేడికి మర్నాటి దాకా అది ఉడికేది. నాక్సన్‌కు 1940లో పేటెంటు వచ్చింది. 1970లో రైవల్ అనే కంపెనీ ఆయన వ్యాపారాన్ని కొని, మరుసటి ఏడు దాన్నే క్రాక్ పాట్ పేరుతో అమ్మింది. బట్టీ అయినా దాలి అయినా సూత్రం ఒకటే: తక్కువ సెగ, మూసిన పాత్ర, ఎక్కువ సమయం.

ఇక గుమ్మడికాయ సంగతి. కాయ ముదిరి ఉండాలి. తొడిమ ఎండి, గోరు నొక్కితే తొక్కలో దిగకూడదు. లేతకాయ ఇట్లా వండితే నీళ్లు నీళ్లుగా అవుతుంది, రుచి ఉండదు. సైజు అన్నిటికన్నా ముఖ్యం. నా ఆరు లీటర్ల గిన్నెలో కిలోన్నర, మహా అయితే రెండు కిలోల చప్పట కాయ పడుతుంది. మూత పూర్తిగా కూర్చోవాలి, సందు ఉంటే ఆవిరి పోయి పైభాగం ఉడకదు. రైతుబజార్లో ఉండే ఆరేడు కిలోల కాయలు దీనికి పనికిరావు, వాటిని ముక్కలుగానే కొనుక్కోవాలి. అందుకే మా అన్నయ్యను అడిగి చిన్నకాయ రకాలు వేయించాను. బెంగుళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క సూర్యముఖి కిలో, కిలోంబావు తూగుతుంది, గిన్నెలో చక్కగా కూర్చుంటుంది. వాళ్లదే అర్క చందన్ రెండు మూడు కిలోలుంటుంది, అందులో చిన్నవి ఏరుకోవాలి. చెన్నై వెళ్లినప్పుడు సొరకాయ ఆకారంలో ఉండే బటర్‌నట్ గుమ్మడి తెచ్చి చూశాను. పొడుగ్గా పడుకోబెడితే అదీ బాగానే పట్టింది, గుజ్జు పీచు లేకుండా వెన్నలా వచ్చింది.

కాయను బాగా కడిగి తుడిచాక చుట్టూ ఎనిమిది పది చోట్ల గుచ్చాలి. లోపలి ఆవిరికి దారి ఉండాలి కదా. చాకు మొన దిగడానికి కూడా బలం కావాలి, నావల్ల కాలేదు. గోనెసంచులు కుట్టే దబ్బనం కొత్తది కొని, నీళ్లలో మరిగించి, దీనికోసమే విడిగా పెట్టుకున్నాను. పొడిచి కొంచెం తిప్పితే చాలు, దిగుతుంది. ఒకసారి గుచ్చడం మరిచిపోతే తెల్లారి కాయ నిలువునా పగిలి, గింజలూ పీచూ గిన్నెంతా పరుచుకుని ఉన్నాయి. గుచ్చిన కాయను గిన్నెలో పెట్టి అరగ్లాసు నీళ్లు పోస్తాను. నీళ్లు లేకుండానూ ఉడుకుతుంది గానీ అడుగు తొక్క గిన్నెకు అంటుకుంటుంది. కిలోన్నర కాయ లోలో ఏడెనిమిది గంటలు, హైలో నాలుగు గంటలు. మధ్యలో మూత తీసి చూడొద్దు, తీసిన ప్రతిసారీ ఉడకడం అరగంట వెనక్కి పోతుంది. దబ్బనం అడ్డం లేకుండా నడిమికి దిగితే ఉడికినట్టు.

మొదటిసారి ఉడికిన కాయను పళ్లెంలోకి తీసి, చాకు పట్టుకుని నిలబడ్డాను. అత్తయ్య మంచం మీద నుంచి చూస్తున్నారు. "నేను కోయొచ్చా అత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించి, "ఉడికినాక అది కాయ ఎట్లవుద్ది, కూరే. కొయ్యమ్మా" అన్నారు. ఆ రోజు నుంచి మా ఇంట్లో శనివారం కోసం ఎదురుచూపు లేదు.

అయితే చల్లారాకే కోయండి, కనీసం అరగంట. లోపల చిక్కుకున్న ఆవిరి మొహానికి కొడుతుంది. రెండు చెక్కలు చేస్తే గింజలూ పీచూ చెంచాతో ఒక్క ఊపులో వస్తాయి, తొక్క వేళ్లతోనే ఊడుతుంది. గుజ్జు ఒక్క రవ్వ నాలుక మీద వేసుకుని చూడాలి. చేదుంటే మొత్తం పారేయండి, ఇంకాస్త వండితే పోతుందిలే అనుకోవద్దు. గుమ్మడి జాతి కాయల్లో అరుదుగా పుట్టే ఆ చేదు పదార్థం ఉడికించినా పోదు, వాంతులూ విరేచనాలూ చేస్తుంది. పచ్చికాయ కోసి రుచి చూస్తే ముందే తెలిసిపోయేది. కోయకుండా వండడంలో ఉన్న పెద్ద లోపం ఇదే, లోపల ఏముందో చివరిదాకా తెలియదు. నాకు చేదుకాయ ఎప్పుడూ రాలేదు. కానీ పైకి నున్నగా ఉన్న కాయ ఒకటి ఎనిమిది గంటలు ఉడికాక కోస్తే లోపల నల్లగా కుళ్లి ఉంది. ఇప్పుడు తొడిమ చుట్టూ మెత్తబడిందేమో నొక్కి, సన్న చిల్లులేమైనా ఉన్నాయేమో వెలుతురులో చూసి గానీ పెట్టను.

రుచి గురించి ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. పొయ్యి నిప్పుల్లో కాల్చిన గెనుసుగడ్డకు వచ్చే ఆ ఎర్రటి తీపి దీనికి రాదు. తడిసెగ కాబట్టి ఎక్కడా మాడదు, రంగు తిరగదు. మెత్తగా, నిదానమైన తీపితో ఉంటుంది. పైగా నీరు ఎక్కడికీ పోదు కాబట్టి గుజ్జు పలచగా వస్తుంది. హల్వాకు నేరుగా వేస్తే గంటసేపు కలుపుతూ కూర్చోవాలి. అందుకని పలచటి బట్టలో వేసి రెండు గంటలు వేలాడదీస్తాను, కిలో గుజ్జుకు గ్లాసు పైనే నీరు దిగుతుంది. ఆ నీటితో చారు పెడితే బెల్లం వేయక్కర్లేదు.

నీరు దిగిన గుజ్జుతో హల్వా అరగంట పని. బెల్లం, గోధుమపిండి కలిపి అప్పాలు చేస్తే వారం పిల్లల డబ్బాల్లోకి సరిపోతాయి. ఆవపెట్టిన ముద్దకూర దీనికే పుట్టిందా అన్నంత బాగా కుదురుతుంది. పోపులో గుజ్జు వేసి, చింతపండు రసం, ఉప్పు, కాస్త బెల్లంతో దగ్గరపడ్డాక దించి, అప్పుడే నూరిన ఆవముద్ద కలపాలి. స్టవ్ మీద ఉండగా ఆవ వేస్తే చేదెక్కుతుంది. అత్తయ్యకు ఎనభై దాటాయి, పళ్లు లేవు. ఆవిడకు ఇష్టమైనది పెరుగుపచ్చడి. గుజ్జు చిదిపి గట్టి పెరుగులో కలిపి, ఆవాలు, ఎండుమిరపకాయ, ఇంగువ పోపు పెడితే అన్నంలో ఇంకేం అడగరు. ఆవిడ తిండి తగ్గిపోయిందని దిగులుపడ్డ నెలల్లో ఈ ఒక్క పచ్చడితో రెండు పూటలా తిన్నారు. నేను ఈ కుక్కర్‌ను ఇంత గట్టిగా మెచ్చుకోవడానికి సగం కారణం అదే.

దప్పళానికి, పులుసుకు మాత్రం వద్దు. అక్కడ ముక్క ముక్కలా నిలవాలి, పులుసు పీల్చుకోవాలి. ఉడికిన గుజ్జు వేస్తే పులుసంతా ఎర్రటి జావలా అవుతుంది. రెండుసార్లు ప్రయత్నించి మానుకున్నాను. బూడిద గుమ్మడికాయ కూడా ఇందులో పెట్టొద్దు, నీరు తప్ప ఏమీ మిగలదు. ఇంకోమాట, ఇదే పాత్రలో ఎర్ర రాజ్మా వండే ఆలోచన ఉంటే నానబెట్టిన గింజలను ముందు స్టవ్ మీద పది నిమిషాలు గలగలా మరిగించాలి. నిదానపు సెగకు వాటిలోని విషపదార్థం విరగదు.

మన నెల్లూరు వైపు దీనికి అసలు శత్రువు కరెంటు కోత. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి, గుమ్మడికాయలు ఇంట్లో ఉండే రోజులూ అవే. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. దానికి ముందు రాత్రి నేను కాయ పెట్టి పడుకున్నాను. ఎప్పుడో కరెంటు పోయింది. పొద్దున గిన్నె ముట్టుకుంటే గోరువెచ్చగా ఉంది, కాయ సగమే ఉడికింది. 60 డిగ్రీల కన్నా తక్కువ వేడిలో రెండు గంటలకు మించి ఉన్న వంట తినకూడదు కాబట్టి దాన్ని మేం వాడుకోలేదు. మీట తిప్పే రకంలో ఒక చిక్కు ఉంది. కరెంటు వచ్చాక దానంతట అదే మళ్లీ మొదలవుతుంది కనుక మధ్యలో ఎంతసేపు ఆగిందో మనకు తెలియదు. డిజిటల్ రకాల్లో చాలావాటికి కరెంటు వచ్చాక మళ్లీ మనమే నొక్కాలి. నేను వానల రోజుల్లో రాత్రి పెట్టడం మానేసి, పగలు ఇంట్లో ఉన్నప్పుడు హైలో పెడుతున్నాను. ఇన్వర్టర్ మీద నడపలేదు, గంటల తరబడి లాగితే ఫ్యాన్లకు బ్యాటరీ మిగలదు.

ఎండాకాలంలో దీని విలువ ఇంకా బాగా తెలుస్తుంది. రోహిణి కార్తెలో స్టవ్ ముందు నిలబడడం ఎంత కష్టమో మనకు కొత్తగా చెప్పక్కర్లేదు. దీన్ని వరండాలో ప్లగ్గుకు పెట్టేస్తే వంటగది వేడెక్కదు.

నాలుగేళ్లలో మీట కొంచెం వదులైంది, తొడుగు మీద పెయింటు ఒకచోట లేచింది. గిన్నెకు ఏమీ కాలేదు. వేడిగా ఉండగా చన్నీళ్లు తగలనివ్వను, ఫ్రిజ్‌లోంచి తీసిన కాయను వేడి గిన్నెలో పెట్టను. పింగాణీ పూత గిన్నె పగిలేది ఎక్కువగా అట్లాగే. కాయను పట్టుకుని కోసే బలం ఉన్నవాళ్లకు ఇది అవసరం లేదు. ముక్కలు కోసి ప్రెషర్ కుక్కర్‌లో రెండు విజిల్స్ రానిస్తే పది నిమిషాల పని. చేతుల్లో పట్టు తగ్గినవాళ్లకు, ఇంట్లో మెత్తటి తిండి కావాల్సిన పెద్దవాళ్లో చంటిపిల్లలో ఉన్నవాళ్లకు మాత్రం నేను ధైర్యంగా కొనమని చెబుతాను.

కిందటి సంక్రాంతికి అమ్మ ఏడు కాయలు పంపింది. పెద్దది ఒకటి పక్కన పెట్టాం, భోగినాడు మా ఆయన కోశారు, దప్పళం వండాను. మిగతా ఆరూ ఒకదాని తర్వాత ఒకటి గిన్నెలోకి వెళ్లాయి, ఏప్రిల్ నాటికి అటక ఖాళీ. ఒక్క కాయ కూడా పారేయలేదని ఫోన్‌లో చెబితే, ఈసారి ఇంకో రెండు పాదులు పెడతానంది అమ్మ.