తెరవగానే మూసుకుపోయే వైస్ సిటీ: పుష్కర కాలం పైగా ఆడిన నా సమీక్ష

ఐకాన్ మీద రెండుసార్లు నొక్కగానే స్క్రీన్ నల్లబడుతుంది. ఒక్క క్షణం ఊపిరి బిగపట్టి చూస్తాం. మళ్ళీ డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఎర్రర్ మెసేజ్ కూడా ఉండదు. 2012లో ఆన్‌లైన్‌లో కొన్న జీటీఏ వైస్ సిటీ అనే పాత కంప్యూటర్ గేమ్‌ని ఇప్పటిదాకా నాలుగు కంప్యూటర్లలో ఎక్కించాను, నాలుగింటిలోనూ మొదటి రోజు ఇదే జరిగింది. నాలుగింటిలోనూ చివరికి నడిచింది. ఇప్పటికీ వారంలో రెండు రాత్రులైనా ఆడతాను.

కాకినాడలో ఇంటర్ చదివే రోజుల్లో గంటకి 20 రూపాయలిచ్చి నెట్ సెంటర్‌లో ఆడిన గేమ్ ఇది. బుల్లి హెలికాప్టర్‌తో, కడుతున్న బిల్డింగ్‌లోకి వెళ్ళి నాలుగు బాంబులు పెట్టే మిషన్ దగ్గర ఎన్ని గంటల డబ్బులు పోయాయో లెక్కలేదు. అందుకే ఈ గేమ్ ఆగిపోతే నాకు ఊరుకోబుద్ధి కాదు.

పీసీలో ఇది 2003 మేలో వచ్చింది. అప్పట్లో కావాల్సింది 800 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్, 128 ఎంబీ ర్యామ్, 32 ఎంబీ గ్రాఫిక్స్ కార్డు. ఇప్పుడు నా ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ర్యామ్ ఉంది. కాబట్టి తెరవగానే మూసుకుపోతుంటే సిస్టమ్ చాలట్లేదేమో అని ఎవరూ అనుకోనక్కర్లేదు. ర్యామ్ కొనమని చెప్పేవాళ్ళ మాట అస్సలు వినకండి.

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువసార్లు దొరికిన దొంగ ఒక చిన్న ఫైల్. డాక్యుమెంట్స్‌లో గేమ్ పేరుతో యూజర్ ఫైల్స్ అనే ఫోల్డర్ ఉంటుంది. అందులో ‘జీటీఏ_వీసీ.సెట్’ అనేది మన సెట్టింగ్స్ దాచుకునే ఫైల్. స్క్రీన్ రెజల్యూషన్‌ని, అంటే తెర మీద ఎన్ని చుక్కలు అనే కొలతని, గేమ్ ఇందులో ‘1024 బై 768’ అని రాసుకోదు. గ్రాఫిక్స్ కార్డు ఇచ్చిన రెజల్యూషన్ల జాబితాలో అది ఎన్నో నంబరో, ఆ అంకె మాత్రం రాసుకుంటుంది. మానిటర్ మార్చినా, గ్రాఫిక్స్ కార్డు మార్చినా ఆ జాబితా మారిపోతుంది. నిన్న 12వ నంబరులో ఉన్నది ఇవాళ ఇంకేదో అవుతుంది, లేదా 12 అనేదే ఉండదు. పాపం గేమ్ ఆ అంకెనే పట్టుకుని తెరవబోయి కూలిపోతుంది. ఈ సంగతి నాకు ఒక పండగ రోజు అర్థమైంది. హెచ్‌డీఎంఐ వైరుతో టీవీకి కలిపి ఆడి, మర్నాడు వైరు పీకేసి ల్యాప్‌టాప్‌లో తెరిస్తే గేమ్ రాలేదు. వైరు మళ్ళీ పెడితే వచ్చింది. సెట్ ఫైల్ డిలీట్ చేశాక వైరు లేకుండానూ వచ్చింది. అది పోతే గేమ్ కొత్తది తయారుచేసుకుంటుంది, భయం లేదు. సేవ్ చేసుకున్న ఆటలు అదే ఫోల్డర్లో వేరే ఫైళ్ళుగా ఉంటాయి. వాటిని ముట్టుకోకండి.

మా తమ్ముడి కంప్యూటర్‌లో మాత్రం ఇదే పని మూడుసార్లు చేసినా ఫలితం లేదు. “అన్నా, డిలీట్ చేశానంటే నమ్మవా?” అని వాడికి కోపం కూడా వచ్చింది. తీరా చూస్తే క్లౌడ్ బ్యాకప్ ఆన్ చేసినప్పుడు డాక్యుమెంట్స్ ఫోల్డర్ వేరేచోటికి మారిపోయింది. పాతది అలాగే మిగిలి ఉంది. వాడు పాతదాంట్లో డిలీట్ చేస్తున్నాడు, గేమ్ కొత్తదాంట్లో చదువుతోంది. ఫైల్ తారీఖు చూడండి. చివరిసారి ఆడిన రోజు కనబడితే అదే అసలు ఫోల్డర్.

రెండోది, 640x480 వీడియో మోడ్ దొరకలేదనే మెసేజ్. ఇది వస్తే ఒక రకంగా అదృష్టమే, కనీసం కారణం తెలుస్తుంది. గేమ్ ఫైల్ ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీకి వెళ్ళి, రంగులు తగ్గించే ఆప్షన్‌లో 16 బిట్ పెడితే నాకు రెండు చోట్ల సరిపోయింది.

మూడోది, మొదట్లో వచ్చే వీడియోలు. కంపెనీ లోగో కనబడక ముందే గేమ్ పోతోందా, కనబడ్డాక పోతోందా అని గమనించండి. లోగో దగ్గరే ఆగితే మూవీస్ ఫోల్డర్లోని రెండు వీడియోల పేర్లు మార్చి చూడండి. గేమ్ వాటిని వదిలేసి ముందుకెళ్తుంది. నా పాత డెస్క్‌టాప్‌లో సినిమాల కోసం వేసిన కోడెక్ ప్యాక్ (రకరకాల వీడియోలు ఆడించే సాఫ్ట్‌వేర్) వల్ల ఇలా అయింది. అది తీసేశాక వీడియోలూ వచ్చాయి.

ఇవేవీ కాకపోతే జరిగిన తప్పులు విండోస్ రాసిపెట్టుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, గేమ్ ఆగిన నిమిషం దగ్గర ఏ మాడ్యూల్ (ప్రోగ్రామ్‌లోని భాగం) పేరు రాసుందో చూడండి. అడ్మినిస్ట్రేటర్‌గా నడపండి, విండోస్ ఎక్స్‌పీ మోడ్ పెట్టండి అని అందరూ చెప్పే చిట్కాలన్నీ ఒకేసారి చేస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు. ఒకటి మార్చి, తెరిచి చూసి, పనిచేయకపోతే వెనక్కి మార్చి, తర్వాత ఇంకోటి.

గేమ్ తెరుచుకున్నాక వెంటనే చేసేది, గేమ్‌లోని పాత తప్పుల్ని సరిచేసే సైలెంట్‌ప్యాచ్ వేయడం. సైలెంట్ అనే పేరుతో తెలిసిన ప్రోగ్రామర్ దీన్ని ఉచితంగా ఇస్తున్నారు. ఆయన మీద నాకు ఎంత గౌరవమో చెప్పలేను. విండోస్ 11 24హెచ్2 అప్‌డేట్ వచ్చాక ఇదే వరసలోని శాన్ ఆండ్రియాస్‌లో స్కిమ్మర్ అనే నీటి విమానం మాయమైతే, తప్పు విండోస్‌ది కాదని 2025లో తేల్చింది ఆయనే. వైస్ సిటీ ఫైళ్ళలో స్కిమ్మర్‌ని పడవ కింద రాశారు, కాబట్టి చక్రాల కొలతలు అక్కర్లేదు. తర్వాతి గేమ్ శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానం చేశారు కానీ ఆ కొలతలు రాయడం మర్చిపోయారు. ముందు చదివిన బండి కొలతలే మెమరీలో మిగిలి ఉండటంతో ఇరవై ఏళ్ళు అలా నెట్టుకొచ్చింది. కొత్త విండోస్‌లో ఆ చోట వేరే అంకె పడేసరికి బయటపడింది. పాత గేమ్ ఎందుకు ఆగుతుందో నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

సెకనుకి ఎన్ని బొమ్మలు చూపాలో హద్దు పెట్టే ఫ్రేమ్ లిమిటర్‌ని ఆన్‌లోనే ఉంచండి. తీసేస్తే వేగం బాగుంటుంది కానీ కార్ల నడక తేడా కొడుతుంది.

మన తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. విండోస్‌లో యూజర్ పేరు తెలుగు అక్షరాల్లో పెట్టుకుంటే ఆ కాలం గేమ్‌లు ఆ పేరున్న ఫోల్డర్ దారి చదవలేవు. అన్ని భాషల అక్షరాలకీ చోటిచ్చే యూనికోడ్‌కి ముందు విండోస్ వాడిన కోడ్ పేజీల్లో (అక్షరాల పట్టికల్లో) తెలుగుకి చోటే లేదు. మా అమ్మాయి ల్యాప్‌టాప్‌లో తన పేరు తెలుగులో ఉండటం నాకు ఎంతో ఇష్టం, కానీ అందులో గేమ్ సేవ్ అయ్యేది కాదు. ఆ పేరు మార్చడానికి మనసు రాలేదు. గేమ్ కోసం ఇంగ్లీషు అక్షరాలతో ఇంకో అకౌంట్ తెరిచాను. అందులో తను ఇప్పుడు ఆ హెలికాప్టర్ మిషన్ దగ్గరే ఉంది, మూడో బాంబు దాకా వచ్చింది.