సిరంజి పంప్: యంత్రం మంచిదే, చిక్కంతా బిగించే దగ్గరే

ఐసీయూలో నోర్‌అడ్రినలిన్, ఇన్సులిన్ లాంటి మందులు సన్నటి ధారగా ఎక్కించడానికి సిరంజి పంప్ మంచి సాధనం. రేటును గంటకు 0.1 మి.లీ. చొప్పున మార్చుకోవచ్చు. అయితే అది కొలిచేది మందును కాదు, ప్లంజర్ (సిరంజిలో మందును తోసే కడ్డీ) జరిగిన దూరాన్ని. 50 మి.లీ. సిరంజిల లోపలి వ్యాసం కంపెనీని బట్టి మారుతుంది, దాంతో అంతే దూరానికి పోయే మందూ మారుతుంది. పంప్ మెనూలో ఒక బ్రాండ్ పెట్టి మరొకటి బిగిస్తే డోసు తేడా వస్తుంది, అలారమేమో మోగకపోవచ్చు. చవగ్గా దొరికిందని స్టోర్స్ వాళ్లు బ్రాండ్ మార్చినప్పుడల్లా ఇదే తంటా.

లైన్ (మందు వెళ్లే గొట్టం) మూసుకుపోతే మోగే ఆక్లూజన్ అలారాన్ని మరీ నమ్మొద్దు. గంటకు 1 మి.లీ. రేటు దగ్గర లైన్ మడతపడి మూసుకుంటే అది మోగేసరికి చాలా నిమిషాలు గడుస్తాయి. 20 మి.లీ. సిరంజితో కాస్త ముందే తెలుస్తుంది. మోగగానే మడత విప్పేస్తే పేరుకున్న ఒత్తిడికి మందు ఒక్కసారిగా రోగిలోకి పోతుంది. ముందు రోగి వైపు స్టాప్‌కాక్ (లైన్‌కుండే చిన్న కుళాయి) మూసి, ఒత్తిడి వదిలించాలి.

ప్లంజర్ క్లిప్‌లో సరిగా కూర్చోకపోయినా, పంప్‌ను రోగికంటే బాగా ఎత్తులో పెట్టినా మందు దానంతటదే జారిపోయే ప్రమాదముంది.

డ్రగ్ లైబ్రరీ (ఏ మందుకు ఎంత డోసు హద్దో పంప్‌లో ముందే పెట్టిన జాబితా) లేని మోడల్ చవకే. కానీ 5.0 బదులు 50 నొక్కినా కిక్కురుమనదు. కొంటే లైబ్రరీ ఉన్నదే కొనండి.