యాభై రూపాయల బజర్: ఆరేళ్లు వాడాక నా మాట

మాది ఖమ్మంలో చిన్న జిరాక్స్, డీటీపీ షాపు. షాపులో మూడు, ఇంట్లో ఒకటి, మొత్తం నాలుగు డెస్క్‌టాప్‌లు, అన్నీ అసెంబుల్ చేయించినవే. నేను రాస్తున్నది వాటి గురించి కాదు, మదర్‌బోర్డుకి (లోపల అన్ని భాగాలూ కూర్చునే పెద్ద బోర్డు) గుచ్చే బొటనవేలి గోరంత స్పీకర్ గురించి, తెర రానప్పుడు తేడా ఎక్కడుందో కూతలతో చెప్పేది ఇదే. కొందరు బజర్ అంటారు, కొందరు బీప్ స్పీకర్ అంటారు. చివర గుండ్రటి నల్ల డబ్బీ, దానికి రెండు సన్న వైర్లు, నాలుగు పిన్నుల మీద కూర్చునే ప్లగ్గు, అంతే. ఆరేళ్ల కింద కీబోర్డులు కొందామని సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్లు దొరికే సీటీసీకి వెళ్లినప్పుడు ఒక్కోటి 50 రూపాయల చొప్పున ఐదు తెచ్చాను.

ఎందుకు తెచ్చానంటే, అంతకు నెల ముందే నాకు చెయ్యి బాగా కాలింది. ఒక మెషీన్ బటన్ నొక్కితే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైటు వెలుగుతోంది, మానిటర్ మీద మాత్రం నో సిగ్నల్. మెకానిక్ దగ్గర పెడితే నాలుగు రోజులు ఉంచుకుని "బోర్డు పోయిందన్నా" అని సెకండ్ హ్యాండ్ బోర్డు వేసి డబ్బు తీసుకున్నాడు. పోయిన బోర్డు నాకే ఇచ్చేయమని తెచ్చుకున్నాను. తర్వాత ఒకరోజు ఊరికే వేరే ర్యామ్ పెట్టి చూస్తే శుభ్రంగా ఆన్ అయింది! అతను మోసం చేశాడని ఇప్పటికీ అనను, అతనికీ తెలిసి ఉండదు. ఫ్యాన్లు తిరిగి డిస్‌ప్లే రాకపోతే లోపల ఏం జరుగుతోందో బయటి నుంచి చూసి చెప్పడం ఎవరి వల్లా కాదు.

బటన్ నొక్కగానే విండోస్ రాదు కదా. ముందు బోర్డులోనే ఉండే బయోస్ అనే చిన్న ప్రోగ్రామ్ లేచి ప్రాసెసర్, ర్యామ్, డిస్‌ప్లే కార్డు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకుంటుంది, దాన్నే పోస్ట్ అంటారు. అందులో తేడా వస్తే తెర మీద చూపిద్దామంటే తెరే ఇంకా రాలేదు, అందుకే బజర్‌తో కూతలు. మా పాత బోర్డుల్లో ఒక పొట్టి కూత అంటే అంతా బాగుందని. సాగదీసి మళ్లీ మళ్లీ కూస్తే ర్యామ్. ఒక పొడుగు, రెండు పొట్టి అయితే డిస్‌ప్లే కార్డు. ఇవి అందరికీ ఇలాగే ఉండవు, బయోస్ ఏ కంపెనీదన్న దాన్ని బట్టి మారతాయి, కాబట్టి మీ బోర్డు మాన్యువల్‌లో చూసి ఆ పట్టీని కేబినెట్ లోపలి వైపు అతికించుకోండి.

మొదటిసారి అది పనికొచ్చింది ఒక మాఘమాసంలో. పెళ్లి కార్డు ప్రూఫ్ కోసం పెళ్లికూతురు తండ్రి పొద్దున తొమ్మిదికే వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు, ఫైలు ఆ మెషీన్‌లోనే ఉంది, బటన్ నొక్కితే తెర నలుపు, లోపల నుంచి కూ... కూ... కూ... అని ఆగకుండా మోత. టెన్షన్‌లో కూడా నవ్వొచ్చింది, కనీసం ఎక్కడ వెతకాలో చెప్పింది కదా అని. ప్లగ్గు పీకి, మిగిలిన కరెంటు పోవడానికి పవర్ బటన్ కొంచెంసేపు నొక్కి పట్టుకుని, కేబినెట్ ఇనుము ఒకసారి ముట్టుకుని ర్యామ్ తీశాను. బంగారు రంగు కాళ్లు మసకబారి ఉన్నాయి. మా పాప జామెట్రీ బాక్సులోని రబ్బరుతో రెండు వైపులా మెల్లగా రుద్ది, పొడి ఊది, స్లాట్ బ్రష్‌తో దులిపి మళ్లీ పెట్టాను. రెండు చివర్లా టక్, టక్ మని క్లిప్పులు పడాలి, ఒక వైపే పడితే పడనట్టే. ఆన్ చేశాను. ఒక్కటే పొట్టి కూత. ఆ పెద్దాయన "ఏమైందయ్యా, అలారమా?" అన్నాడు.

రెండోసారి షాపు మార్చినప్పుడు. ఆటోలో కుదుపులకి డిస్‌ప్లే కార్డు స్లాట్‌లో నుంచి కాస్త లేచింది, ఒక పొడుగు రెండు పొట్టి. కార్డు నొక్కి స్క్రూ బిగిస్తే అయిపోయింది. ఇందులో చెప్పడానికి ఇంకేం లేదు.

అన్నిటికన్నా ఎక్కువ ఉపయోగపడింది మాత్రం "బాగుంది" అని కూసి తెర రాని సందర్భాల్లో. మా మేనల్లుడు కొత్తగా కట్టించుకున్న పీసీకి డిస్‌ప్లే రావట్లేదని ఏడుపు ముఖంతో ఫోన్ చేశాడు. నా దగ్గరున్న బజర్ పట్టుకెళ్లి పెడితే బుద్ధిగా ఒక్కటే కూత. అంటే లోపల అంతా క్షేమం, వెనక్కి తిప్పి చూస్తే మానిటర్ హెచ్‌డీఎంఐ వైరు మదర్‌బోర్డు పోర్టులో ఉంది. వాడిది చివర ఎఫ్ అక్షరం ఉన్న ఇంటెల్ ప్రాసెసర్, వాటిలో గ్రాఫిక్స్ ఉండదు, వైరు కింద ఉండే గ్రాఫిక్స్ కార్డుకే పెట్టాలి. "మామా, ఇది ఎవరికీ చెప్పకు" అన్నాడు. చెప్పనన్నాను, ఇక్కడ పేరు రాయలేదు కదా.

షాపులో ఒక మానిటర్ లోపం కూడా అలాగే దొరికింది. కూత సరిగ్గానే వస్తోంది, కీబోర్డ్‌లో నమ్ లాక్ నొక్కితే లైటు ఆరి వెలుగుతోంది, అంటే మెషీన్ బతికే ఉంది. తెర మీద సెల్ టార్చ్ ఏటవాలుగా కొడితే డెస్క్‌టాప్ ఐకాన్లు లీలగా కనిపించాయి. పోయింది బ్యాక్‌లైట్, అంటే తెర వెనక వెలిగే లైటు. మెషీన్ విప్పకుండానే తేలిపోయింది.

ఇక దీని చేతకానితనం. అసలు ఏ కూతా రాకపోతే బజర్ ఏమీ చెప్పనట్టే, కానీ అప్పుడూ ఒక చిట్కా ఉంది. ప్లగ్గు పీకి ర్యామ్ మొత్తం తీసేసి, మళ్లీ ప్లగ్గు పెట్టి ఆన్ చేయండి. ర్యామ్ లేదని గోల పెడితే బోర్డు, ప్రాసెసర్ చాలావరకు బతికే ఉన్నట్టు. అప్పుడూ మౌనమే అయితే ఎస్ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే డబ్బా) మీద, ప్రాసెసర్ పక్కన ఉండే నాలుగు లేదా ఎనిమిది పిన్నుల 12 వోల్టుల ప్లగ్గు మీద అనుమానం పెట్టుకోవాలి. ఆ ప్లగ్గు ఊడినా ఫ్యాన్లు హాయిగా తిరుగుతాయి, అందరూ మోసపోయేది అక్కడే. ఆకుపచ్చ వైరుకీ నల్ల వైరుకీ పిన్నీసు కలిపి ఎస్ఎంపీఎస్ ఫ్యాన్ తిరిగిందని సంబరపడేవాళ్లు ఉన్నారు, ఫ్యాన్ తిరిగినంత మాత్రాన వోల్టేజీ సరిగ్గా వస్తోందని కాదు. నేను ఇంకో ఎస్ఎంపీఎస్ పెట్టి చూస్తాను. దాని డబ్బా మాత్రం ఎప్పుడూ విప్పను, ప్లగ్గు పీకాక కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

విండోస్ లోగో వచ్చాక నల్లబడితే కూడా బజర్ దండగ. అక్కడ విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బి నాలుగూ కలిపి నొక్కితే గ్రాఫిక్స్ డ్రైవర్ (డిస్‌ప్లే కార్డుని నడిపే ప్రోగ్రామ్) మళ్లీ మొదలవుతుంది, దానికీ లొంగకపోతే సేఫ్ మోడ్, అంటే అత్యవసరమైన వాటితోనే విండోస్ తెరవడం. టైము వెనక్కి పోయి రోజూ ఎఫ్1 నొక్కమంటుంటే బోర్డు మీది సీఆర్2032 సెల్లు మార్చండి, మూడు వోల్టుల గుండ్రటిది, వాచీ రిపేరు బండి దగ్గర కూడా దొరుకుతుంది.

కొత్త బోర్డు కొనేవాళ్లు బోర్డు మీద సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని తేడా ఎక్కడుందో చూపే నాలుగు చిన్న లైట్లు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి ఉంటే బజర్ పెద్దగా అక్కర్లేదు. డీడీఆర్5 అనే కొత్త రకం ర్యామ్ అయితే మొదటిసారి ఆన్ చేసినప్పుడు ర్యామ్‌ని సర్దుకోవడానికే కొన్ని నిమిషాలు పడుతుంది, కంగారుపడి మధ్యలో ఆఫ్ చేయకండి.

ఐదింటిలో ఒకటి పోయిన వానాకాలం వైరు తెగింది, టంకం పెట్టాను, పని చేస్తోంది. ఒకటి మేనల్లుడి దగ్గరే ఉండిపోయింది, అడిగితే వెతుకుతున్నా అంటున్నాడు.