ఓపెన్‌ఫోమ్ రివ్యూ: కాలువ పనికి ఇన్‌లెట్ ఎలా ఉంది?

డెల్టా కాలువల మీద మోడలింగ్ చేయాలి, నీటి ప్రవాహాన్ని కంప్యూటర్‌లో లెక్కగట్టే ఓపెన్‌ఫోమ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవచ్చా అని అడిగేవాళ్లకి నేర్చుకోమనే చెబుతాను. ఉచితం కాబట్టి మాత్రమే కాదు, ఇన్‌లెట్ కోసం, అంటే మోడల్‌లోకి నీరు వచ్చే చోటుని చెప్పే తీరు కోసం.

మన దగ్గర కాలువలో నీటి వేగం ఎంతో ఎవరూ చెప్పరు. విజ్జేశ్వరం హెడ్ నుంచి దిగువ లాకుల దాకా ఏ లస్కర్‌ని అడిగినా గేజీ, క్యూసెక్కులే చెబుతాడు. ఫ్లోరేట్‌ఇన్‌లెట్‌వెలాసిటీ అనే కండిషన్ (మోడల్ అంచున పెట్టే షరతు) ఆ ప్రవాహాన్నే తీసుకుని, ఇన్‌లెట్ వైశాల్యాన్ని బట్టి వేగం తనే లెక్కేసుకుంటుంది. క్యూసెక్కుల్ని 0.0283తో హెచ్చవేసి సెకనుకి ఘనపు మీటర్లలోకి మార్చి ఇస్తే చాలు. వంతులవారీగా నీళ్లు వదిలే రోజులకి, కాలంతో మారే పట్టికగానూ ఇవ్వొచ్చు. నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

నీటినీ పైన గాలినీ కలిపి లెక్కేసే, నీటిమట్టం కదిలే ఇంటర్‌ఫోమ్ కేసుల్లో మాత్రం వేరియబుల్‌హైట్ రకం వాడండి. అది నీరున్న మేరకే ప్రవాహాన్ని పంచుతుంది, పైన గాలిని తోయదు.

జాగ్రత్తంతా టర్బులెన్స్ (ప్రవాహంలో సుడుల అలజడి) దగ్గరే. ట్యుటోరియల్ ఫైల్లో ఉన్న కే (ఆ అలజడి శక్తి), ఎప్సిలాన్ (అది కరిగిపోయే రేటు) అంకెలు ఆ కేసువి, మన కాలువవి కావు. 10 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల లోతు, సెకనుకి 12 ఘనపు మీటర్లు అనుకోండి. వేగం సెకనుకి 0.6 మీటర్లు, హైడ్రాలిక్ వ్యాసం (కాలువని గొట్టంగా అనుకుంటే వచ్చే వ్యాసం) 5.7 మీటర్లు, రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహం ఎంత అలజడిగా ఉంటుందో చెప్పే అంకె) 34 లక్షలు. గొట్టాల సూత్రం ప్రకారం టర్బులెన్స్ తీవ్రత (సగటు వేగంలో హెచ్చుతగ్గుల వంతు) 2.4 శాతం వస్తుంది, కే విలువ 0.0003 దాకా ఉంటుంది. కానీ మన కాలువ గొట్టం కాదు. గుర్రపుడెక్క పట్టిన చోట 5 శాతం పెట్టి కూడా ఒకసారి నడిపి, తూము దగ్గర ఫలితం ఎంత మారిందో చూస్తాను. మారితే ఆ అంకె మీద ఇంకా పని ఉందన్నమాటే.

మెనూలు లేవు, అంతా టెక్స్ట్ ఫైళ్లే; సెమీకోలన్ మరిచినా ఆగిపోతుంది. అది అలవాటైపోతుంది. అసలు ఇబ్బంది ఏమిటంటే, ఆ ఫ్లోరేట్ కండిషన్ మామూలుగా వేగాన్ని ఇన్‌లెట్ అంతా ఒకేలా పరుస్తుంది. నిజం కాలువలో గట్టు పక్క నెమ్మది, నడుమ జోరు. అందుకని తూముకి ఎగువన కాలువని బాగా పొడుగ్గా గీయండి, ప్రవాహం తన రూపం తను తెచ్చుకుంటుంది. మెష్ (లెక్క కోసం కాలువని విడగొట్టే చిన్న గడులు) పెరుగుతుందని అక్కడ పిసినారితనం వద్దు.

ఉప్పుటేరు లాంటి చోట్లకి ఇది చాలదు. పోటుకి సముద్రపు నీరు ఎదురెక్కుతుంది కాబట్టి అక్కడ ప్రవాహం కాదు, సముద్రం వైపు నీటిమట్టం ఇవ్వాలి. దానికి నేను కోడెడ్‌ఫిక్స్‌డ్‌వాల్యూతో, అంటే సి++ కోడ్‌తో విలువ ఇచ్చే కండిషన్‌తో, సొంతంగా రాసుకుంటాను. సి++ కొంచెమైనా రానివాళ్లు ముందు పంట కాలువలతో మొదలుపెట్టండి.