ఉరి మేలా, బయటికి రాని యావజ్జీవమా?

2020 ఫిబ్రవరి 6న నల్లగొండ కోర్టు హాజీపూర్ హత్యల దోషికి ఉరిశిక్ష వేసినప్పుడు మా వైపు దాన్ని కాదన్నవారు నాకు తారసపడలేదు. ముగ్గురు ఆడపిల్లల ప్రాణాలు తీసిన ఘోరం అది. ఆ తీర్పు జోలికి నేను పోవడం లేదు. వరుస హత్యల కేసుల్లో ఏ శిక్ష మేలన్నదే నా ప్రశ్న.

లండన్‌లో తిమోతీ ఎవాన్స్‌ను పసిబిడ్డను చంపాడని 1950 మార్చి 9న ఉరితీశారు. అతనికి వ్యతిరేకంగా ప్రధాన సాక్షి, అదే ఇంట్లో కింది వాటాలో ఉండే క్రిస్టీ. మూడేళ్లకు క్రిస్టీ వంటింటి గోడ వెనక ఆడవాళ్ల శవాలు బయటపడ్డాయి. ఎవాన్స్‌కు క్షమాభిక్ష 1966లో వచ్చింది. అందుకోవడానికి మనిషి లేడు.

దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్ వరుస హత్యల కేసు ఇంకో దారిన నడిచింది. పోలియోతో కాలు దెబ్బతిన్న, వ్యవసాయ యంత్రాలు బాగుచేసే యూన్ అనే యువకుడు, పోలీసులు రాబట్టిన ఒప్పుకోలు మీద వాటిలో ఒక హత్యకు యావజ్జీవ ఖైదీ అయ్యాడు. సుమారు 20 ఏళ్లు జైల్లో గడిపి 2009లో పెరోల్‌పై వచ్చాడు. 2019లో డీఎన్ఏ పరీక్షలు లీ చున్‌జే అనే మరో ఖైదీని పట్టించాయి. యూన్‌కు శిక్షపడ్డ హత్యా తనదేనని లీ ఒప్పుకున్నాడు. 2020 డిసెంబరులో యూన్ నిర్దోషి అని తీర్పు వచ్చింది, దాన్ని అతను స్వయంగా విన్నాడు. ఇంకో సంగతి: మరదలి హత్య కేసులో లీకి కింది కోర్టు వేసిందీ ఉరే, తర్వాత అది యావజ్జీవంగా మారింది. అప్పుడే ఉరితీసి ఉంటే ఒప్పుకునే నోరే ఉండేది కాదు.

ఉరి కోరేవారి భయం నాకు తెలుసు: పద్నాలుగేళ్లకు బయటికొచ్చి మళ్లీ ఊళ్లో తిరుగుతాడని. న్యాయమైన భయమే. అయితే శిక్ష తగ్గింపు లేకుండా చచ్చేదాకా జైల్లోనే ఉంచవచ్చని స్వామి శ్రద్ధానంద కేసులో సుప్రీంకోర్టు 2008లోనే చెప్పింది. ఖైదీ తిండి ఖర్చు గురించిన వాదనకు నేను జవాబు కూడా చెప్పను.

నా ఓటు ఆ యావజ్జీవానికే. ప్రాణాలు పోయిన పిల్లల కన్నవారి వైపు నుంచి చూసినా అంతే. సెషన్స్ కోర్టు వేసిన ఉరిని హైకోర్టు ధ్రువీకరించాలి, తర్వాత సుప్రీంకోర్టు, ఆపైన రాష్ట్రపతికి క్షమాభిక్ష అర్జీ. ఒక్కో మెట్టు దగ్గరా ఆ తల్లి ముందు మళ్లీ మైకు పెడతారు.