కుట్టుమిషన్ లేని టైలర్ షాపు చూడ్డానికి నాన్నతో రాలీ నుంచి టెన్నెసీ దాకా

మా నాన్న తెనాలిలో నలభై ఏళ్ళు టైలరింగ్ చేశాడు, రాలీ పక్కన మోరిస్‌విల్‌లో మా ఇంటికొచ్చి రెండు నెలలైంది, గుడి, బీచ్, కాస్ట్‌కో అన్నీ అయిపోయాయి. ఇంకెక్కడికి తీసుకెళ్ళాలా అనుకుంటుంటే గుర్తొచ్చింది ఆండ్రూ జాన్సన్. లింకన్ తర్వాత ప్రెసిడెంట్ అయినాయన, అంతకుముందు టెన్నెసీ గవర్నర్, దానికంటే ముందు టైలర్. పుట్టింది నార్త్ కరోలినాలోని మన రాలీలోనే, 1808లో.

ముందు రాలీలోనే మొదలుపెట్టాం. మోర్డెకై పార్క్‌లో ఆయన పుట్టిన ఇల్లు ఉంది, ఇల్లంటే ఒక సత్రం వెనకాల వంటగది లాంటి చిన్న కొట్టం, తర్వాత్తర్వాత అక్కణ్ణించి ఎత్తుకొచ్చి పార్క్‌లో పెట్టారు. పది నిమిషాల్లో అయిపోతుంది, దీనికోసమే పనిగట్టుకుని దూరం నుంచి రావక్కర్లేదు, డౌన్‌టౌన్ వైపు వెళ్ళినప్పుడు ఓ చూపు చూస్తే చాలు. తండ్రి 1812లోనే పోయాడు, తల్లి బట్టలు ఉతికి, నేత నేసి పోషించింది, పిల్లలిద్దర్నీ ఒక టైలర్ దగ్గర పనికి పెట్టింది. 21 ఏళ్ళు వచ్చేదాకా అక్కడే పడి ఉండాలని రాతకోతలు. 1824లో అన్నదమ్ములిద్దరూ పారిపోతే ఆ టైలర్ పేపర్లో ప్రకటన వేయించాడు, పట్టిస్తే 10 డాలర్లని, ఆండ్రూ ఒక్కణ్ణే తెచ్చినా అంతే ఇస్తానని. నాన్న నవ్వి "అంటే చిన్నోడికే పనొచ్చన్నమాట" అన్నాడు.

ఇక అసలు సంగతి గ్రీన్‌విల్, ఆయన టైలర్ షాపు నడిపిన ఊరు. జీపీఎస్‌లో జాగ్రత్త, నార్త్ కరోలినాలో ఒకటి, సౌత్ కరోలినాలో ఒకటి ఉన్నాయి, ఇది టెన్నెసీది, స్పెల్లింగ్ మధ్యలో ఇంకో ఇ ఎక్కువుంటుంది. ఆష్‌విల్ మీదుగా కొండల్లో వెళ్ళాం, ఆగుతూ పోతే పొద్దంతా పట్టింది, ఆ రూట్లో 2024 వరదల తర్వాత రోడ్డు పనులు జరుగుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు చూసుకోండి. నాన్న విసుక్కుంటుంటే చెప్పాను, 1826లో ఆ కుర్రాడు తల్లినీ సవతి తండ్రినీ వెంటేసుకుని, గుడ్డి పోనీ లాగే రెండు చక్రాల బండితో ఈ కొండలు దాటాడని, ఆ తర్వాత ఇంక ఏసీ గురించి మాట్లాడలేదు ఎవరం.

బస గురించి: హైవే పక్కన ఒక మోటెల్ తీసుకున్నాం, రూమ్‌లో సిగరెట్ వాసన, బ్రేక్‌ఫాస్ట్ అంటే బ్రెడ్డూ చల్లటి కాఫీ. జాన్సన్ సిటీలో దిగితే ఇంకాస్త దూరమైనా పెద్ద ఊరు, ఆప్షన్లు ఎక్కువ (ఆ పేరు ఈ జాన్సన్‌ది కాదు, వేరే జాన్సన్‌ది). మేం పులిహోర, చపాతీలు కట్టుకెళ్ళాం కాబట్టి బతికిపోయాం.

నేషనల్ పార్క్ సర్వీస్ వాళ్ళ విజిటర్ సెంటర్ మాత్రం సూపర్. టికెట్ లేదు. బిల్డింగ్ లోపల ఇంకో బిల్డింగ్! ఆయన చెక్క షాపుని అలాగే ఉంచి దాని చుట్టూ 1923లో పెద్ద బిల్డింగ్ కట్టారు. నాన్న అటూ ఇటూ వెతికి "ఏరా, మిషనేది?" అన్నాడు. అప్పటికి కుట్టుమిషన్లు ఇంకా వాడుకలోకి రాలేదు నాన్నా, కోటు మొత్తం చేత్తోనే అని చెప్తే, "కాజాలు కూడానా" అని చాలాసేపు అక్కడే నిలబడిపోయాడు.

1827లో జాన్సన్ ఎలైజాని పెళ్ళి చేసుకున్నాడు, ఈయనకి 18, ఆవిడకి 16. స్కూలు మొహం చూడని మనిషి, ఏదో చదవడం వచ్చంతే, రాతా లెక్కలూ ఆవిడ దగ్గర మెరుగుపరుచుకున్నాడు. షాపులో కుడుతూ ఉంటే పక్కన ఒకళ్ళు చదివి వినిపించేవాళ్ళట, ఊరి రాజకీయాలన్నీ అక్కడే నడిచేవి, మన బార్బర్ షాపులో లాగ. 1829లో ఊరి కౌన్సిల్, 1834లో మేయర్, 1835లో అసెంబ్లీ, 1837లో ఓడాడు, మళ్ళీ గెలిచాడు, 1843 నుంచి పదేళ్ళు కాంగ్రెస్, 1853లో గవర్నర్. ప్రమాణ స్వీకారానికి బండి వద్దని నడిచి వెళ్ళాడట. ఆ పదవికి వీటో, అంటే చట్టాన్ని ఆపే అధికారం కూడా లేదు, అయినా పబ్లిక్ స్కూళ్ళకి పన్ను వేయించాడు. గవర్నరుగా ఉండగా, ఒకప్పుడు కమ్మరి పని చేసిన జడ్జికి సొంతంగా కోటు కుట్టి పంపాడు. నాన్నకి ఇది తెగ నచ్చేసింది.

నాకు మాత్రం ఇంకోటి గుచ్చుకుంది. పేదోళ్ళ మనిషినని చెప్పుకున్నాయన ఇంట్లో డాలీ, శామ్ లాంటి బానిసలున్నారు, 1863 దాకా విడుదల చెయ్యలేదు, ప్రెసిడెంట్ అయ్యాక నల్లవాళ్ళ హక్కులకి అడ్డం పడ్డాడు. రేంజర్ ఈ విషయాలు దాచకుండా చెప్పింది, అది బాగుంది. ఆవిడే తిప్పి చూపించిన హోమ్‌స్టెడ్‌లో, అంటే జాన్సన్ కుటుంబం ఉన్న ఇంట్లో, సివిల్ వార్ సైనికులు గోడల మీద గీసిన రాతలు కూడా ఉన్నాయి. కొండమీద సమాధి సాయంత్రం చూడండి, పైన గద్ద ఉన్న స్తంభం, మెట్లెక్కలేని పెద్దవాళ్ళుంటే కార్లోనే పైకి వెళ్ళొచ్చు.

విజిటర్ సెంటర్‌లో 1868 ఇంపీచ్‌మెంట్ (ప్రెసిడెంట్ పదవి నుంచి తీసెయ్యడానికి ఆయన మీద జరిగిన విచారణ) టికెట్ నమూనా ఇస్తారు, దోషా కాదా అని మనం ఓటేయొచ్చు, అసలాయన అప్పుడు ఒక్క ఓటుతో బయటపడ్డాడు. నేను దోషి అని వేశాను. నాన్న నావైపు చూడకుండా కాదు అని వేసేశాడు, అదేంటి నాన్నా అంటే "కాజాలు చేత్తో కుట్టాడ్రా" అన్నాడు.