"ఎక్కడికెళ్ళొచ్చావు బాబూ?" అని అడిగిన క్లినిక్: ఉగాండా నుంచి వచ్చిన మా తమ్ముడి జ్వరం, మా అనుభవం

హైదరాబాద్‌లో మేం చూపించుకున్న ఒక ట్రావెల్ క్లినిక్ గురించి రాస్తున్నాను. బయటి దేశాలకి, ముఖ్యంగా ఆఫ్రికాకి వెళ్ళేవాళ్ళూ వెళ్ళొచ్చినవాళ్ళూ చూపించుకునే చోటు. పేరు రాయట్లేదు. ఇలాంటివి నగరంలో ఇంకా ఉన్నాయి, ఎక్కడికి వెళ్ళినా ఏం అడగాలో ఏం చూసుకోవాలో తెలిస్తే మీకు అదే పనికొస్తుంది.

మా తమ్ముడు ఉగాండాలో జింజా దగ్గర ఒక ఫ్యాక్టరీలో అకౌంట్స్ చూస్తాడు. మొదటిసారి వెళ్ళేటప్పుడు నారాయణగూడలో ఐపీఎం అనే ప్రభుత్వ సంస్థలో ఎల్లో ఫీవర్ టీకా వేయించుకుని ఆ పసుపు కార్డు జేబులో పెట్టుకుని వెళ్ళాడు, అంతే. ఆ కార్డు లేకపోతే విమానం ఎక్కనివ్వరు కాబట్టి పంపించిన ఏజెంటు దాని గురించి పదిసార్లు ఫోన్ చేశాడు. మలేరియా మాట మాత్రం ఒక్కసారీ ఎత్తలేదు. నిజానికి అక్కడ ఉద్యోగానికి వెళ్ళేవాడికి ఎల్లో ఫీవర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఎదురయ్యేది మలేరియానే, కానీ దానికి ఎయిర్‌పోర్టులో చూపించే కార్డు లేదు.

మొన్న ఫిబ్రవరిలో సెలవు మీద ఊరొచ్చాడు. మాది ఖమ్మం దగ్గర పల్లెటూరు. వచ్చిన తొమ్మిదో రోజు సాయంత్రం చలి పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి, తర్వాత ఒళ్ళు కాలిపోయింది, ఆ తర్వాత చొక్కా పిండితే నీళ్ళు కారేలా చెమట. టౌన్‌లో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళాం. డెంగీ చేశారు, రాలేదు. వైడాల్ చేశారు, టైఫాయిడ్ అన్నారు. మూడు రోజులు సెలైన్లు, యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు. ప్లేట్‌లెట్లు 62 వేలకి పడిపోయాయి. ఈ మూడు రోజుల్లో డాక్టరు గానీ నర్సు గానీ ఎక్కణ్ణుంచి వచ్చాడని అడగలేదు, మేమూ చెప్పలేదు. చెప్పాలని మాకు తెలియలేదు, ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

గుర్తుపట్టింది మా అమ్మ. మా తోటలో మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కూలీలు వస్తారు, ప్రతి ఏడాదీ వస్తారు, కల్లం పక్కనే పట్టాలు కట్టుకుని ఉంటారు. బస్తర్ వైపు మలేరియా ఎక్కువ కాబట్టి వాళ్ళు దిగిన రెండు మూడు రోజులకే ఏఎన్ఎమ్ గారు వచ్చి ఒంట్లో నలతగా ఉందన్న ప్రతివాళ్ళకీ వేలు గుచ్చి కిట్టు మీద చూసి వెళ్తారు, పైసా తీసుకోరు. ఆ మూడో రోజు రాత్రి అమ్మ అంది, "కూలికొచ్చినోళ్ళకి వేలు గుచ్చి చూశారు గదమ్మా, ఇమానమెక్కి వచ్చినోడికి ఎందుకు చూడలేదు?" అప్పుడే ఏఎన్ఎమ్ గారికి ఫోన్ చేసి ఉంటే ఇంకో పూట కలిసొచ్చేది. కంగారులో తట్టలేదు. తెల్లవారుజామున కారు మాట్లాడుకుని హైదరాబాద్ బయల్దేరాం, మా బావ ఆఫీసులో ఎవరో ఈ క్లినిక్ చెప్పారు.

ఇక క్లినిక్ సంగతి. ఫస్ట్ ఫ్లోర్‌లో రెండు గదులు, పక్కనే చిన్న ల్యాబు. రిసెప్షన్‌లో ఒక ఫారం ఇచ్చారు. ఏ దేశాలు, ఏ తేదీలు, దోమతెర వాడావా, చెరువుల్లో నదుల్లో దిగావా, అక్కడ జ్వరం వస్తే ఏం మందులు వేసుకున్నావు, అన్నీ దాంట్లోనే ఉన్నాయి. లోపలికి వెళ్ళగానే డాక్టర్ మేడం తమ్ముడి ముఖం చూసి, నాడి పట్టుకుని, మొదట అడిగిన మాట "ఎక్కడికెళ్ళొచ్చావు బాబూ?" ఉగాండా అని చెప్పగానే ఇంకేం వినకుండా ల్యాబ్ వాళ్ళని పిలిచి "ముందు స్లైడ్, తర్వాత మాటలు" అన్నారు. నేను ఆ గదిలో అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు అప్పుడు ఏడ్చాను.

ల్యాబ్‌లో అబ్బాయి వేలు గుచ్చి ఒకే అద్దం మీద రెండు రకాలుగా రక్తం పెట్టాడు. ఒక పక్క మందంగా చుక్క, ఇంకో పక్క పల్చగా పూత. మందపు చుక్కలో మలేరియా పురుగు ఉందో లేదో త్వరగా దొరుకుతుందట, పల్చటి పూతలో అది ఏ రకమో తెలుస్తుందట. కిట్టు టెస్టు కూడా చేశారు, కానీ దాన్నొక్కదాన్నే నమ్మలేదు. డిసెంబరులో తమ్ముడికి అక్కడ ఒకసారి మలేరియా వచ్చి తగ్గింది, మందు పనిచేసినా కొన్ని వారాల పాటు కిట్టు మీద గీత పడుతూనే ఉండొచ్చు కాబట్టి, ఇప్పటి జ్వరం దానిదేనా అన్నది స్లైడ్ చూస్తేనే తేలుతుంది అన్నారు. ఒకసారి స్లైడ్‌లో కనపడకపోయినా వదిలేయకూడదు, రెండు మూడు రోజుల్లో మళ్ళీ మళ్ళీ తీసి చూడాలి అని కూడా చెప్పారు. ఇది ప్రతి ల్యాబూ చెప్పాల్సిన మాట.

ముప్పావుగంటలో ఫలితం. ఫాల్సిపారం, మలేరియాలో ప్రాణం మీదికి తెచ్చే రకం. నేను అడిగితే మేడం మైక్రోస్కోపులో చూడనిచ్చారు. లేత గులాబీ రంగు కణాల్లో సన్నటి ఊదా రంగు ఉంగరాలు, కొన్ని కణాల్లో రెండేసి. అక్కడక్కడా చంద్రవంక ఆకారంలో ఇంకో రకం. "ఉంగరాలు మీ తమ్ముణ్ణి పడుకోబెట్టినవి, ఈ చంద్రవంకలు మీ ఊరి దోమకి ఎక్కేవి" అన్నారు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. జ్వరం మా వాడిదే అనుకున్నాను ఇన్నాళ్ళూ. వాణ్ణి కుట్టిన దోమ పది పన్నెండు రోజుల తర్వాత ఇంకొకళ్ళని కుడితే వాళ్ళకీ వస్తుంది, తొమ్మిది రోజులు మా ఇంట్లో పడుకున్నది దోమతెర లేకుండానే.

వాంతులు అవుతున్నాయి కాబట్టి మాత్రలు నిలవవు, ఆర్టిసునేట్ ఇంజెక్షన్ పడాలి అని చెప్పి అప్పటికప్పుడు ఒక పెద్దాసుపత్రికి ఫోన్ చేసి బెడ్ మాట్లాడారు, స్లైడ్ కూడా మా చేతికిచ్చి పంపారు. అక్కడ చేరగానే ఒకటి, పన్నెండు గంటలకి ఒకటి, ఇరవై నాలుగు గంటలకి ఒకటి ఇంజెక్షన్లు, తర్వాత మూడు రోజుల మాత్రల కోర్సు. ఆ చంద్రవంకల కోసం ప్రైమాక్విన్ ఒక డోసు. నాలుగో రోజుకి మా వాడు లేచి కూర్చుని పెరుగన్నం అడిగాడు. ఇంజెక్షన్ పడినవాళ్ళలో కొందరికి వారాల తర్వాత రక్తం తగ్గిపోతుందట, అందుకని నాలుగు వారాల పాటు వారానికోసారి హిమోగ్లోబిన్ చూపించుకోమన్నారు. మనం మర్చిపోతామని క్లినిక్ నుంచి ప్రతి మంగళవారం ఫోన్ చేశారు. ఈ ఒక్క పనికి నేను వాళ్ళకి ఎన్ని మార్కులైనా వేస్తాను.

నాన్న మాత్రం మొదట్నుంచీ పాత క్లోరోక్విన్ మాత్రలు వేస్తే పోయేది కదా అంటూనే ఉన్నారు. మేడం ఓపిగ్గా చెప్పారు. ఆ మందుకి లొంగని ఫాల్సిపారం 1950ల చివర్లో థాయ్‌లాండ్, కంబోడియా సరిహద్దులో మొదలైంది, మన అస్సాంలో 1973లో బయటపడింది, 1970ల చివరికి తూర్పు ఆఫ్రికా చేరింది. మనుషుల ఒంట్లోనే కూర్చుని ఖండం దాటింది. ఇప్పుడు దోమ కూడా ఖండం దాటి వెళ్తోంది. మన నగరాల్లో ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, డ్రమ్ముల్లో పెరిగే స్టెఫెన్సీ అనే మలేరియా దోమ 2012లో ఆఫ్రికాలోని జిబూతీలో కనపడింది. ఆ ఏడాది ఆ దేశం మొత్తానికి 27 మలేరియా కేసులు, 2020కి 70 వేలు దాటాయి. తర్వాత ఇథియోపియాకి పాకింది, 2022లో అక్కడి డిరే దావా అనే నగరంలో జనం మలేరియాతో మంచం పట్టారు. ఆఫ్రికా నుంచి మనకి జబ్బొచ్చిందని తిట్టుకునేవాళ్ళకి ఇది చెప్పాలి, మన వైపు దోమ వాళ్ళ ఊళ్ళు ముంచుతోంది.

ఉగాండాలో రెండేళ్ళున్నాడు, ఒళ్ళు మలేరియాకి అలవాటు పడిపోయి ఉంటుంది కదా అని బావ అడిగాడు. అది చిన్నప్పట్నుంచీ ఏళ్ళ తరబడి కుట్టించుకున్నవాళ్ళకి వచ్చే కొద్దిపాటి బలమట, అదీ ఆ ప్రాంతం వదిలి వెళ్తే తగ్గిపోతుందట. ఆఫ్రికాలో పుట్టి లండన్‌లో స్థిరపడినవాళ్ళే అమ్మానాన్నల్ని చూడ్డానికి వెళ్ళొచ్చి జ్వరంతో ఆసుపత్రుల పాలవుతున్నారట.

ఫారంలో నీళ్ళ ప్రశ్న ఊరికే లేదు. తమ్ముడు ఆదివారాలు స్నేహితులతో విక్టోరియా సరస్సులో ఈత కొట్టేవాడు. ఆ నీళ్ళలో నత్తల నుంచి బయటికొచ్చే పురుగు చర్మం గుండా లోపలికి పోతుంది, చాలామందికి కుట్టినట్టు కూడా తెలియదు. బిల్‌హార్జియా అంటారు అక్కడ. మన దగ్గర దాదాపు లేని జబ్బు కాబట్టి ఇక్కడి డాక్టర్లకి వెంటనే తట్టదు. ఆఖరిసారి నీళ్ళలో దిగి రెండు నెలలు దాటాక రక్తం, మలం పరీక్ష చేస్తే సరిగా తెలుస్తుందన్నారు, అంతకుముందు చేస్తే దొరక్కపోవచ్చు. ఏప్రిల్‌లో చేయించాం, గుడ్లు కనపడ్డాయి. ప్రాజిక్వాంటెల్ మాత్రలు బరువు లెక్కేసి ఒకే రోజు వేశారు. ఈ ప్రశ్న అడగకపోతే ఇది ఏళ్ళ తరబడి లోపల ఉండి కాలేయాన్ని తినేసేది.

డబ్బు సంగతి: కన్సల్టేషన్ 800, స్లైడ్ 250, కిట్టు 400. నెలలోపు మళ్ళీ వెళ్తే ఫీజు లేదు. ఆ మూడు రోజులకి టౌన్‌లో కట్టింది ముప్పై ఒక్క వేలు.

నచ్చనివీ ఉన్నాయి. ఆదివారం మూసేస్తారు, జ్వరానికి ఆదివారం లేదు కదా. ఫారం మొత్తం ఇంగ్లీషులోనే ఉంది. మేం కూర్చున్నప్పుడే బోర్‌వెల్ పనికి వెళ్ళొచ్చిన ఇద్దరు కుర్రాళ్ళు ఆ కాగితం పట్టుకుని అటూ ఇటూ చూస్తుంటే నేనే చదివి రాసిపెట్టాను. అసలు ఆ క్లినిక్ ఎక్కువగా అక్కరకొచ్చేది అలాంటివాళ్ళకే, తెలుగులో ఒక పేజీ అచ్చు వేయించడం ఎంత పని? మేడంకి చెప్పాను, చేయిస్తామన్నారు, ఏప్రిల్‌లో వెళ్ళినప్పటికి ఇంకా అదే ఫారం. కౌంటర్‌లో అమ్మే మందు పట్టించిన దోమతెర 1,650, బయట దానికంటే తక్కువకి దొరికింది.

ఇప్పుడు అమ్మ కొడుకుని చూడ్డానికి రెండు వారాలు వెళ్తానంటోంది, ఈసారి ముందే తీసుకెళ్ళాం. ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళకి ఒక లెక్క, రెండు వారాలకి వెళ్ళేవాళ్ళకి ఇంకో లెక్క. తమ్ముడికి దోమతెర, జ్వరం వచ్చిన రోజే పరీక్ష, ఏ మందు వాడినా పూర్తి కోర్సు అని రాసిచ్చారు. అమ్మకి మలేరియా రాకుండా డాక్సీసైక్లిన్ మాత్రలు, రోజుకొకటి, బయల్దేరే ముందు రోజు మొదలుపెట్టి, అక్కడున్నన్నాళ్ళూ, తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు. తిన్నాక నిండా గ్లాసు నీళ్ళతో వేసుకోవాలి, వెంటనే పడుకోకూడదు, ఎండలో జాగ్రత్త. "ఇంటికొచ్చేశాక ఎందుకమ్మా?" అని అమ్మ అడిగింది. పురుగు ముందు కాలేయంలో దాక్కుంటుంది, ఆఖరి రోజు కుట్టిన దోమ పెట్టిన పురుగు వారాల తర్వాత రక్తంలోకి వస్తుంది, అప్పటికి మందు లోపల ఉండాలి అని చెప్తే అర్థం చేసుకుంది. వంటింట్లో క్యాలెండర్ మీద ఆ నాలుగు వారాలకీ ఎర్ర స్కెచ్‌తో గళ్ళు గీసి పెట్టింది.

మీరు వెళ్ళేటప్పుడు పాత పాస్‌పోర్టు ఉంటే అది కూడా పట్టుకెళ్ళండి. తేదీలు మనకి గుర్తుండవు, వాళ్ళు స్టాంపులు చూసి లెక్క కడతారు.